రూబీ నుదుటి మీద రెండు సుడులు

పెద్దిల్లు అమ్మేసి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారిపోదామని అనుకున్నాక, మొన్న మంచు కరగగానే బేస్‌మెంట్ ఖాళీ చేసే పని పెట్టుకున్నాం. మేముండేది లండన్‌లో. ఇంగ్లండు లండన్ కాదు, కెనడాలో ఒంటారియో లండన్. ఈ ముక్క మా బావమరిదికి ఎన్నేళ్ళుగా చెబుతున్నానో లెక్కలేదు, ఆయన మాత్రం ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా రాజుగారి కోట మాకు ఎంత దూరమని అడుగుతాడు. మా ఆవిడ సరళ నేల మీద మూడు కుప్పలు పెట్టింది. ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి. నేను చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువూ నా మొహం చూడకుండానే మూడో కుప్పలోకి పోతోంది. మా మనవరాలు తార ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటుంది. ఆ పిల్ల పాత ప్రెషర్ కుక్కర్ మూత తీసి, చీకిపోయిన గాస్కెట్ల మధ్య నుంచి ఒక చేతిరుమాలు మూట బయటికి లాగింది. విప్పితే రేకు నక్షత్రం. అయిదు కొనలు, ఒక కొన కాస్త వంగి, వెనక తుప్పు పట్టిన పిన్ను.

"తాతా, ఈజ్ దిస్ ఫ్రమ్ హాలోవీన్?" అంది తార.

నాకు చర్రుమని కోపం వచ్చింది. అది ఏ వేషానికీ పెట్టుకున్నది కాదని, అమెరికాలో ఒక షెరీఫ్ తన చేతులతో నా చొక్కాకి గుచ్చిన డెప్యూటీ బిళ్ళ అని, ఆ దేశపు చట్టానికి నేను ఒక మధ్యాహ్నం పాటు సేవ చేశానని చెప్పాను. తార నా స్వెటర్ వంక, బట్టతల వంక, మోకాలికి కట్టుకున్న పట్టీ వంక చూసి, నక్షత్రాన్ని ఒళ్ళో పెట్టుకుంది. సరళ మాత్రం వరంగల్ యాసలో ఊపిరి ఒకటి గట్టిగా వదిలి, "ఇగ అయింది. ఆ కథ మొదలుపెట్టిన్రంటే ఇయ్యాల పని అయినట్టే" అని చీపురు పక్కన పెట్టి కుర్చీ లాక్కుంది. ఆవిడ ఈ కథ ఎన్నిసార్లు విన్నదో గాని, ప్రతిసారీ కుర్చీ లాక్కుని మరీ విసుక్కుంటుంది.

కథ కెనడాలోనే పడమట ఉన్న అల్బర్టాలో జరిగింది కాని, దాని మొదలు ఒంగోలు దగ్గర మా పల్లెలో ఉంది. మా నాన్న బడిపంతులు. అయినా ఇల్లు నడిచేది మా తాత వెంకయ్య పద్ధతిలో, వెంకయ్య తాత పద్ధతి నడిచేది గొడ్ల చుట్టూ. తెల్లవారి మా ఇంట్లో ముందుగా లేచేది ఆయన చుట్ట వాసన, తర్వాత ఆయన దగ్గు, ఆ తర్వాత ఆయన. కొట్టంలోకి వెళ్ళి ఒక్కో గొడ్డునీ పేరు పెట్టి పలకరించి, గంగడోలు నిమిరి, అప్పుడు గాని మనుషుల వైపు చూసేవాడు కాదు. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు, మిగిలిన గంజి, కూరగాయల తొక్కలు, గుప్పెడు తవుడు అన్నీ కుడితి గోలెంలో పోసేది. సాయంత్రానికి అది పులిసి, పెరడంతా తీపీ పులుపూ కలిసిన ఒక వాసన కమ్ముకునేది. ఆ వాసనకి గొడ్లు పొలం నుంచి వాటంతట అవే ఇంటికి నడిచివచ్చేవి. వాటిని తోలుకొచ్చిన వాళ్ళని గాని, వచ్చాక వాటి వెనక తలుపు గడియ పెట్టిన వాళ్ళని గాని నేనెప్పుడూ చూడలేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నా పరువు పోయింది దానివల్లే.

వెంకయ్య తాతకి చుట్టుపక్కల ఊళ్ళలో పేరు తెచ్చింది సుడులు. పశువు ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటుని సుడి అంటారు. నుదుటి మీద ఉందా, మూపు దగ్గర ఉందా, తోక మొదట ఉందా, ఒకటా రెండా, ఎటు తిరిగింది అనేదాన్ని బట్టి ఆ గొడ్డు వచ్చిన ఇంటికి కలిసొస్తుందో లేదో ఆయన చెప్పేవాడు. ఎద్దుని కొనే ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగేవాడు, ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అమ్మేవాడికి చెమటలు పట్టేవి. "కొమ్ముకి రంగు పుయ్యొచ్చురా కోటీ, పళ్ళు అరగదియ్యొచ్చు. సుడిని మాత్రం ఎవడూ మార్చలేడు" అనేవాడు నాతో. నేను ఆయన వెనకే తిరిగి, అక్షరాలు వచ్చే ముందే సుడులు నేర్చుకున్నాను. మా నాన్న దిద్దబెట్టిన పలక కంటే గొడ్ల నుదుళ్ళే నాకు బాగా గుర్తు.

ఆ తర్వాత పశువుల మేత గురించి చదువుకోవడానికి కెనడా వచ్చాను. మా ప్రొఫెసర్‌గారు, నేను గడ్డి గురించి రాసిన ముప్పై పేజీలు చదివి, ఇది బాగానే ఉంది గాని దీన్ని తినేవాటిని కూడా ఒకసారి చూసి రమ్మని, ఎండాకాలం సెలవులకి, పశువుల్ని మందలుగా పెంచే ఒక రాంచ్‌లో పని ఇప్పించారు. అల్బర్టాకి దక్షిణపు కొసన, సరిగ్గా అమెరికా సరిహద్దుని ఆనుకుని ఉంది ఆ రాంచ్. సరిహద్దు అంటే నేను గోడలు, తుపాకులు, కుక్కలు ఊహించుకున్నాను. తీరా చూస్తే నాలుగు వరసల ముళ్ళతీగ. దానికి అటుపక్క గడ్డి, ఇటుపక్క గడ్డి, మధ్యలో తీగ మీద కూర్చుని రెండు దేశాలనీ సమానంగా చూస్తున్న పిట్టలు.

రాంచ్ యజమానురాలి పేరు డోరతీ. అరవై దాటిన మనిషి, పొడుగరి, మాటలు తక్కువ. ఆవిడ భర్త హెరాల్డ్ అంతకుముందు ఏడే పోయాడు. పశువులన్నీ చూసుకునే మేస్త్రీ ఎర్ల్, ఆవిడ కంటే ఏడెనిమిదేళ్ళు చిన్న, పెళ్ళి చేసుకోని మనిషి, టోపీ స్నానానికి కూడా తీస్తాడో లేదో తెలియదు. పెద్దావిడని ఉత్త పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక మొదటి రోజే "డోరతీ గారూ" అన్నాను. గారు అంటే ఏమిటని అడిగింది. మర్యాద అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఎర్ల్ వైపు తిరిగి, "ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నావు, నువ్వెందుకు అనవు?" అని అడిగింది. ఎర్ల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మర్నాటి నుంచి అతను కూడా డోరతీ గారూ అనడం మొదలుపెట్టాడు, అదీ నాకంటే ఎక్కువ శ్రద్ధగా. నన్ను మాత్రం కోటీ అనలేక కోడీ అన్నారు. వాళ్ళందరూ ఆంగ్లంలోనే మాట్లాడారు గాని, ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటలన్నీ నాకు తెలుగులోనే వినిపిస్తున్నాయి, అలాగే రాస్తాను.

ఇండియా నుంచి వచ్చాడంటే ఆవులకి దణ్ణం పెట్టడమే తప్ప పని చేయడేమోనని ఎర్ల్‌కి అనుమానంగా ఉండేది. ఆవులతో నాకు ఇబ్బంది రాలేదు, మూపురాలు లేకపోవడం వల్ల మొదట్లో ఏదో అంగం పోగొట్టుకున్నట్టు కనిపించాయంతే. ఇబ్బంది గుర్రంతో వచ్చింది. మా వంశంలో ఎద్దుబండి దాటి పైకెక్కినవాడు లేడు. నాకిచ్చిన గుర్రం ముసలిది, వైరాగ్యం పట్టినది. నేను కళ్ళెం ఎటు లాగినా కొంతసేపు ఆలోచించి తనకి తోచిన వైపు వెళ్ళేది. చివరికి నాలుక మడిచి, మా తాత ఎద్దుల్ని అదిలించినట్టు టక్కుటక్కుమంటే కదిలింది. దిగడం మాత్రం ఎండాకాలం అయిపోయే దాకా నాకు రాలేదు, ప్రతిసారీ అదే నన్ను ఒక అనువైన చోటు చూసి దింపేది.

తిండి సంగతి ఇంకా బాగుండేది. వంట ఎర్ల్ చేసేవాడు. పొద్దున బీఫ్, మధ్యాహ్నం బీఫ్, సాయంత్రం దానితో పాటు ఉడికిన చిక్కుడు గింజలు. నేను ఆ గింజలూ, నేను వండుకున్న గుప్పెడు అన్నం మీదే బతికాను, మా అమ్మ సీసాలో పెట్టి పంపిన నల్లకారం చల్లుకుని. ఎండుమిరపకాయలు, ధనియాలు, చింతపండు, వెల్లుల్లి దంచిన ఆ పొడి వాసనకి మొదటి రోజు ఎర్ల్ కిటికీ తెరిచాడు. రెండో రోజు మూశాడు. మూడో రోజు తన బీఫ్ మీద చిటికెడు వేసుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుస్తూ మొత్తం తిని, సీసా మూత బిగించి తన వైపు పెట్టుకున్నాడు. గొడ్లని కాస్తూ గొడ్డు మాంసం తినని కౌబాయ్‌ని చూడ్డానికి చుట్టుపక్కల రాంచ్‌ల నుంచి ఇద్దరు ముగ్గురు పనిగట్టుకుని వచ్చి వెళ్ళారు.

అన్నీ ఉన్నా సాయంత్రం అయ్యేసరికి నాకు ఇల్లు గుర్తొచ్చేది. ఎంతలా అంటే, ఒకరోజు ఉండబట్టలేక వంటింట్లో పారేసే బంగాళాదుంప తొక్కలు, నా బియ్యం కడిగిన నీళ్ళు, కాస్త ఓట్స్ పొట్టు ఒక బకెట్టులో కలిపి పొయ్యి పక్కన పెట్టాను. పొద్దున్న కలిపింది సాయంత్రానికి పులిసింది. ఆ వాసన ముక్కుకి తగలగానే నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇంత మంచి కుడితి ఎవరికి పెట్టాలా అని చూస్తే, దొడ్డి కంచె దగ్గర ఒక ఎర్రావు మూతి ఎత్తి నిలబడి ఉంది. దాని పేరు రూబీ. దూడగా ఉన్నప్పుడే తల్లి చనిపోతే హెరాల్డ్ దాన్ని వంటింట్లో పెట్టి సీసాతో పాలు పట్టి పెంచాడట. నుదుటి మీద ఒకదాని కింద ఒకటి రెండు సుడులు, ఎడమ భుజం వెనక ఇంకొకటి. వెంకయ్య తాత లెక్కలో అలాంటి ఆవు ఇంటికి లక్ష్మి. నేను బకెట్టు పెడితే అడుగు నాకి, బకెట్టుని నెత్తిన పెట్టుకుని దొడ్డంతా తిరిగింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం దానికి కుడితి, నాకు మనశ్శాంతి.

తప్పు అక్కడే జరిగింది. అక్కడ గేటుకి గొలుసు ఉంటుంది. లోపలికి వెళ్ళినా బయటికి వచ్చినా గొలుసు వెయ్యాలని ఎర్ల్ నాకు మొదటి రోజే మూడుసార్లు చెప్పాడు. కాని కుడితి తాగిన గొడ్డు ఇల్లు వదిలి వెళ్తుందన్న ఆలోచన మా ఊళ్ళో పుట్టినవాడి బుర్రలోకి ఎలా వస్తుంది? ఒక సాయంత్రం బకెట్టు ఖాళీ చేసుకుని, గేటు దగ్గరగా నెట్టి, గొలుసు వేయకుండా వచ్చేశాను. పొద్దున్న చూస్తే మిగతావన్నీ ఉన్నాయి, రూబీ లేదు. అడుగుల గుర్తులు పట్టుకుని వెళ్తే, వాగు పొంగి కంచె పడిపోయిన చోట సరిహద్దు దాటి అమెరికాలోకి పోయాయి. అటుపక్క రాంచ్ టకర్ అనే ఆయనది. ఆయనకీ ఈ ఇంటికీ ఇరవై ఏళ్ళుగా మాటలు లేవు. ఎర్ల్ ఫోన్ చేస్తే, ఎర్రావు వచ్చిన మాట నిజమే గాని అది పోయినేడు తప్పిపోయిన తన ఆవేనని, ఇవ్వనని చెప్పి పెట్టేశాడు. ఏ రాంచ్‌దో తెలిసేలా దాని ఒంటి మీద కాల్చిన ముద్ర ఉండాలి కదా అంటే, ఉంది, కాని ఎవరికీ కనపడదు. పెంచుకున్న దూడకి నొప్పి పుడుతుందని హెరాల్డ్ కాలిన ఇనుముని అలా తాకించి ఇలా తీసేశాడట. పైన వెంట్రుకలు మొలిచేశాయి.

నేను వెళ్ళి డోరతీ గారితో, గొలుసు వేయనిది నేనేనని చెప్పాను. ఆవిడ హెరాల్డ్ కాఫీ కప్పు తుడుస్తోంది. ఆ కప్పులో ఎవరూ తాగరు, రోజూ తుడుస్తుందంతే.

"నువ్వు వదిలావు కాబట్టి నువ్వే తీసుకురా" అంది.

"తీసుకురాలేకపోతే?" అన్నాను.

"ఏముంది, భోజనానికి రా" అంది.

ఆవిడ తిట్టినా బాగుండేది. ఆ మాటతో నాకు ఆ పూట ముద్ద దిగలేదు. హెరాల్డ్ పోయాక ఆ ఇంట్లో ఆయన గుర్తుగా ప్రాణంతో ఉన్నది రూబీ ఒక్కటే, దాన్ని నేను కుడితి పెట్టి మరీ సాగనంపాను.

ఎర్ల్ అటుపక్క షెరీఫ్‌తో మాట్లాడి, నన్ను చెక్‌పోస్ట్‌కి పికప్‌లో వెళ్ళమన్నాడు. వెనక పశువుల ట్రైలర్ తగిలించి తాళాలు నాకే ఇచ్చాడు. తను రానన్నాడు, టకర్‌ని చూస్తే కొట్టకుండా ఉండలేనని. అటువైపు షెరీఫ్ నా కోసం ఎదురుచూస్తున్నాడు. తుపాకీ, మీసాలు ఉన్న వీరుణ్ణి ఊహించుకున్నాను గాని, ఆయన సన్నగా, కడుపులో మంటతో బాధపడే మనిషి, గంటకో మాత్ర చప్పరిస్తుంటాడు. పోస్టులో ఉన్న ఆఫీసరు ఆయనకి బావో బామ్మర్దో, నా పాస్‌పోర్ట్ తెరిచి ఫొటో చూసి, షెరీఫ్ తలూపితే మూసి ఇచ్చేశాడు. ఇవాళైతే ఆ తలూపుకి వీసా ఆఫీసులో ఎన్ని నెలలు పడుతుందో ఊహించుకోండి.

షెరీఫ్ దారిలో కారు ఆపి, వెనకే పికప్‌లో వస్తున్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పాడు. "ఆవుల్ని పరీక్ష చేసే ఇన్‌స్పెక్టర్ కూతురి పెళ్ళికి వెళ్ళాడు. నాకు ఆవు ముందేదో వెనకేదో తప్ప తెలియదు. టకర్ తన దొడ్డిలోకి పోలీసుని తప్ప ఎవర్నీ రానివ్వడు. నీకు ఆవులు తెలుసునని ఎర్ల్ అంటున్నాడు. కాబట్టి సాయంత్రం దాకా నువ్వు నా డెప్యూటీవి." గ్లవ్‌బాక్స్‌లో వెతికి, మాత్రల సీసా కింద నుంచి నక్షత్రం తీశాడు. "ప్రమాణం చెయ్యాలి. నా దగ్గర బైబిల్ లేదు, ఉన్నా నీకు పనికిరాదేమో. నువ్వు తప్పలేని ఒట్టు ఏదైనా ఉంటే దాని మీద చెయ్యి."

అలాంటిది ఒకటే ఉంది. తల మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మతోడు, నిజమే చెబుతాను" అన్నాను. దాని అర్థం అడిగాడు. మా అమ్మ మీద ఒట్టు పెట్టానని, ఇప్పుడు అబద్ధం ఆడితే పదివేల మైళ్ళ అవతల ఆవిడకి ఏదైనా అవుతుందని చెప్పాను. షెరీఫ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా కోర్టుల్లో ఇది పెట్టుంటే నాకు సగం పని ఉండేది కాదు" అని, నక్షత్రం నా చొక్కాకి గుచ్చాడు. పిన్ను చర్మానికి కూడా గుచ్చుకుంది. ఆ పూటకి అది కూడా గౌరవంగానే అనిపించింది.

టకర్ భారీ మనిషి, నోట్లో పుడక, చాలా మర్యాదస్తుడు. దొడ్డి తలుపు తీసి, "చూసుకోండి" అన్నాడు. లోపల పాతిక ఎర్రావులు. నేను కారులోనే షెరీఫ్‌కి రూబీ సుడులు మూడూ కాగితం మీద గీసి ఇచ్చాను. ఆయన ఆ కాగితం పట్టుకుని ఒక్కో ఆవు నుదుటిలోకీ తొంగిచూస్తూ నడిచి, పదకొండో ఆవు దగ్గర ఆగిపోయాడు. రూబీ నన్ను చూసి మోర ఎత్తింది. నా గుండె నిండిపోయింది. కాని టకర్ పుడక ఇటు నుంచి అటు మార్చి, "కంచె అవతల నుంచి చూసి గీసుండొచ్చు. నా ఆవులకి కూడా ఉన్నాయి సుడులు" అన్నాడు. నిజంగానే ఉన్నాయి. షెరీఫ్ మాత్ర చప్పరించి, ముద్ర లేదు కాబట్టి ఇది జడ్జి దగ్గరికి పోవాల్సిందేనని, మంచు పడే దాకా తేలదని, అప్పటిదాకా ఆవు ఉన్నచోటే ఉంటుందని అన్నాడు.

మంచు పడేనాటికి నేను యూనివర్సిటీలో ఉంటాను. డోరతీ గారు ఆ కప్పు తుడుస్తూ ఉంటుంది. నేను రూబీ నుదుటి వంక చూసి, ఏమీ తోచక, మా తాతలా నాలుకతో చ్చ్ అన్నాను.

"ఏంటది?" అన్నాడు టకర్.

"ఏం లేదండీ" అన్నాను, నిజంగానే ఏమీ లేదు. కాని ఆయన మొహంలో రంగు మారడం చూశాను. సంతలో ఎద్దుని అమ్మేవాడి మొహంలో ఆ రంగు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నా కాళ్ళు వాటంతట అవే రూబీ చుట్టూ తిరిగాయి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మాట్లాడలేదు. తిరుగుతున్నప్పుడు కళ్ళు పని చేశాయి. బావి దగ్గర గోనెపట్టా మీద పంపు విప్పి, భాగాలన్నీ పరిచి ఉన్నాయి. కంచెకి కట్టిన గుర్రం ముందుకాలు నేలకి ఆనించడం లేదు.

"చెప్పవయ్యా" అన్నాడు టకర్.

"మా దేశంలో ఇలా ఒకదాని కింద ఒకటి రెండు సుడులున్న గొడ్డుని ఇంట పెట్టుకోరండీ" అన్నాను. "అది వచ్చిన ఇంట్లో ముందు నీళ్ళకి ఇబ్బంది వస్తుంది. తర్వాత వాహనానికి. అంటే ఎక్కి తిరిగేదానికి."

టకర్ పంపు వైపు చూశాడు. గుర్రం వైపు చూశాడు. పుడక కిందపడింది. "ఆ తర్వాత?"

నేను అక్కడ ఆగిపోయి ఉండాల్సింది. కాని ఆ ఊపులో ఆగలేదు. "ఆ తర్వాత యజమానికండీ. హెరాల్డ్ గారి సంగతి మీకు తెలుసు కదా" అన్నాను.

ఇక్కడికి వచ్చేసరికి తార ఒళ్ళో పెట్టుకున్న నక్షత్రాన్ని పక్కన పెట్టి, "తాతా, దట్స్ పర్జరీ" అంది. లా స్కూల్‌కి అప్లై చేసిందిలెండి. "యూ వర్ అండర్ ఓత్." అవునమ్మా, ఒట్టు పెట్టి ఆడిన అబద్ధమే అన్నాను. అబద్ధం కూడా ఎలాంటిది, ఇంటికి లక్ష్మి అని మా తాత చెప్పిన దాన్ని ఆయన పేరు మీదే శని చేశాను. పది నిమిషాల్లో టకర్ తనే రూబీని ట్రైలర్ ఎక్కించి, దానికి దారిలో తినడానికి గడ్డి కూడా వేశాడు. షెరీఫ్ కాగితం రాసిచ్చి, నా వైపు చాలాసేపు చూసి, "మీ అమ్మగారు ఆరోగ్యంగా ఉన్నారా?" అని అడిగాడు. తిరుగు దారిలో కెనడా ఆఫీసరు డిక్లేర్ చెయ్యాల్సింది ఏమైనా ఉందా అంటే ఒక ఆవు అన్నాను. ఆయన కాగితం చూసి, ఆవుని చూసి, నా చొక్కా మీద నక్షత్రాన్ని చూసి సెల్యూట్ చేశాడు. అప్పుడు గాని దాన్ని తిరిగి ఇవ్వడం మరిచిపోయానని నాకు తెలియలేదు.

రాంచ్ గేటు దగ్గర ఎర్ల్ టోపీ ఊపుతున్నాడు. డోరతీ గారు ఊపడం లేదు. నేను రాకముందే టకర్ ఫోన్ చేశాడట, ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి, పగ మరిచిపోయి, ఆవిడ మేలు కోరి. ఆ ఆవుని వెంటనే వదిలించుకొమ్మని సలహా ఇచ్చాడట. రూబీ దిగి నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళి చేతిని నాకింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కోడీ, హెరాల్డ్ పోయింది దీనివల్లా?" అని అడిగింది.

షెరీఫ్ ముందు పెట్టిన ఒట్టుతో సహా అంతా చెప్పేశాను. పంపు చూశాను, గుర్రం చూశాను, కల్పించాను, అసలు మా తాత ఇలాంటిదాన్ని లక్ష్మి అంటాడు, అమ్మతోడు అన్నాను. ఆవిడ నన్ను కోప్పడకుండానే, "అక్కడ కూడా అమ్మతోడే కదా అన్నావు" అంది. ఒక్క పూటలో నా దగ్గరున్న ఒక్క ఒట్టూ చెల్లకుండా పోయింది. ఆవిడ రూబీని అమ్మలేదు, అలాగని దగ్గరికీ తీయలేదు. కిటికీలోంచి చూసేది. నేను మా తాతకి జరిగిందంతా ఉత్తరం రాశాను, ఆయన చదువుకోలేదు గాబట్టి మా అమ్మ చదివి వినిపిస్తుందని తెలిసి కూడా, ఒట్టు సంగతితో సహా రాశాను. ఉత్తరం వెళ్ళడానికి పదిహేను రోజులు, రావడానికి పదిహేను రోజులు. ఆ నెల రోజులూ మా అమ్మకి పాము కరిచినట్టు, బావిలో పడినట్టు, జ్వరం వచ్చినట్టు రోజుకొకటి ఊహించుకున్నాను. కుడితి కలిపేవాణ్ణి గాని, ఆ వాసన కూడా నన్ను ఓదార్చలేదు.

తాత దగ్గర నుంచి నీలం ఉత్తరం వచ్చిన రోజు వంటింటి బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. తెలుగు చదవగలిగేది నేనొక్కణ్ణే. అంటే నా అబద్ధానికి సాక్ష్యం కూడా నేనే చెప్పుకోవాలి. ఎర్ల్ అది గమనించి గొంతు సవరించుకున్నాడు. డోరతీ గారు మాత్రం, "ఉన్నది ఉన్నట్టు చదువు" అంది. మా అమ్మ గుండ్రటి అక్షరాల్లో తాత చెప్పిన మాటలు ఇవి. "ఒరే కోటీ, ఆ రెండు సుడుల గొడ్డుని కొనేటప్పుడు నేను చెడ్డదంటాను. బేరం తగ్గుతుంది. కొన్నాక మంచిదంటాను. ఇంట్లో ఆడవాళ్ళు దానికి బాగా పెడతారు. దానివల్ల బాగుపడిన ఇల్లూ నేను చూడలేదు, చెడిన ఇల్లూ చూడలేదు. నువ్వు సగమే నేర్చుకుని పోయావు. ఆ పెద్దావిడకి మాత్రం మంచిదనే చెప్పు."

చివరి వాక్యం చదవకుండా వదిలేద్దామనిపించింది. వదల్లేదు, చదివాను. డోరతీ గారు నవ్వింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత బల్ల కదిలింది, హెరాల్డ్ కప్పు కింద పళ్ళెం గలగలమంది. ఆవిడ నవ్వు అప్పటి దాకా నేను విననే లేదు. ఎర్ల్ వింటూ ఆవిడ వంక చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు, పెళ్ళయ్యాక అర్థమైంది. కింద మా అమ్మ తన మాటగా రెండు ముక్కలు కలిపింది. "నాకేం కాలేదు. పెరట్లో జారి కాలు బెణికింది, అది నీ వల్ల కాదు, పాచి వల్ల. ఇంకోసారి ఒట్టు పెట్టాల్సి వస్తే నీ మీద నువ్వే పెట్టుకో." ఆ సాయంత్రం నేను కుడితి బకెట్టు ఎత్తబోతే, డోరతీ గారు నా చేతిలోంచి తీసుకుని తనే దొడ్డిలోకి నడిచింది. వస్తూ గేటుకి గొలుసు వేసి, నాకు కనపడేలా ఒకసారి లాగి చూపించింది.

సెలవులు అయిపోయి నేను వెళ్ళిపోయాక మళ్ళీ కలవలేదు. ఏటా క్రిస్మస్‌కి కార్డు వచ్చేది. అందులో పలకరింపులు ఉండేవి కావు. ఆ ఏడు రూబీకో, దాని పిల్లలకో పుట్టిన దూడ నుదురు పెన్సిల్‌తో గీసి, సుడులు చుట్టి, పక్కన మంచిదా చెడ్డదా అని ప్రశ్న. నేను ప్రతిసారీ మంచిదని రాసేవాణ్ణి. ఇప్పుడు ఆవుల చెవులకి చిప్పులున్నాయి, ఫోన్ దగ్గర పెడితే ఆవు వివరాలన్నీ తాతముత్తాతలతో సహా తెర మీదికి వస్తాయి. ముద్ర గురించి ఎవరూ కొట్టుకోరు, సుడి ఎవరూ చూడరు. నేను కూడా రోజుకి పదిసార్లు ఏదో ఒక దాని మీద ఐ అగ్రీ అని నొక్కుతున్నాను, ఒక్క ముక్క చదవకుండా, ఎవరి తల్లికీ ఏమీ అవదని ధీమాగా. అప్పటి కంటే ఇప్పుడు అబద్ధాలు ఎక్కువని అనను. నా సంగతి చూసుకుంటే అనే హక్కు కూడా లేదు. కాని అప్పుడు ఒక అబద్ధమాడితే నెల రోజులు నిద్ర ఉండేది కాదు, ఆ భయం నాకు ఇప్పుడు లేకపోవడం బాధగానే ఉంటుంది.

చాలా ఏళ్ళ తర్వాత, మా అమ్మ కూడా పోయాక, ఒక కార్డులో దూడ బొమ్మ లేదు. వంకర గీతలతో ఎవరిదో తల వెనకభాగం గీసి ఉంది, పల్చటి జుట్టు, నడినెత్తిన రెండు సుడులు. కింద ఎర్ల్ చేతిరాత. "ఇది డోరతీ గారి తల. నేనే దువ్వుతుంటే చూశాను, ఆవిడకి చేతులు పైకి లేవడం లేదు. మంచిదా చెడ్డదా?" మా వైపు నెత్తిన రెండు సుడులుంటే ఏమంటారో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. అదే రాశాను. మా ఊళ్ళో అలాంటివాళ్ళకి రెండు పెళ్ళిళ్ళు అవుతాయంటారు, ఆవిడకి ఇంకా ఒకటే అయింది అని రాశాను. కింద అలవాటుగా అమ్మతోడు అని రాయబోయి, మా అమ్మ మాట గుర్తొచ్చి, నా మీద ఒట్టు అని రాశాను.

"బట్ వాజ్ ఇట్ ట్రూ?" అంది తార.

మరుసటి ఏడు వచ్చిన కార్డు కింద రెండు పేర్లున్నాయి, ఎర్ల్ గారు, డోరతీ గారు అని, ఇద్దరికీ ఒకే ఇంటిపేరు. ఆ మాట చెప్పి, "నేనింకా బతికే ఉన్నాను కదమ్మా, నిజమే అయ్యుంటుంది" అన్నాను. సరళ కుర్చీలోంచి లేచి, తార పక్కన ఉన్న నక్షత్రాన్ని తీసుకుని, కొంగుతో తుడిచి, ఉంచేవాటి కుప్పలో పెట్టింది.